కాలువ నుంచి కడవ దాకా: తాగునీటిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాలువలకు నీరు ఆపి కట్టేసే రోజులు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తాగునీటి గురించే ఉన్నాయి. ఒకే సంగతిని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. చాలామంది ఏ యంత్రం కొనాలని అడిగారు. ఆ ప్రశ్నకు ముందు, తమ ఇంటికి వచ్చే నీటిలో మురికి ఎక్కడ కలుస్తున్నదో తెలుసుకోవలసి ఉన్నది కనుక జవాబులు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక గృహిణి): మా ఊరి కుళాయిలకు మంచినీళ్ల చెరువు నుంచి నీరు వస్తుంది. వేసవిలో కాలువ కట్టేసిన కొద్ది వారాలకే ఆ నీరు పచ్చబారి నాచు వాసన కొడుతుంది. మేము గుడ్డతో వడగట్టి, కాచి తాగుతున్నాము. ఇది చాలునా?

జవాబు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన గోదావరి డెల్టాలో చేనుకూ మనిషికీ ఒకే కాలువ నీరిస్తున్నది. రబీ కోతల తరువాత పూడిక తీయడానికీ, లాకులకూ గట్లకూ మరమ్మతులు చేయడానికీ కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేదాకా ఊరికి చెరువులో నింపుకున్న నీరే గతి. కదలిక లేని నీరు, మండే ఎండ, అడుగున పేరుకున్న బురదలోని పోషకాలు మూడూ కలిస్తే నాచు పెరగక తప్పదు. కనుక పచ్చదనం వేసవిలో కనిపించినా దాని కారణాలు చాలావరకు అంతకు ముందే ఏర్పడి ఉంటాయి. కాలువ నిండుగా పారుతున్నప్పుడే చెరువు నింపారా, లేక కట్టేసే ముందు చివరి రోజులలో అడుగంటిన మురికినీటిని మళ్లించారా? చెరువు గట్టుకు కంచె ఉన్నదా, లేక గేదెలు దిగుతున్నాయా? అన్నిటికంటె ముఖ్యంగా, మంచినీళ్ల చెరువుకు పంచాయతీ చేపల పాట పెట్టిందా? పాట పాడుకున్నవారు చేపలకు మేత వేస్తారు, ఎరువు వేస్తారు. ఆ ఎరువే నాచుకు బలం. పంచాయతీకి వచ్చే ఆ కొద్ది ఆదాయం కోసం ఊరంతటి తాగునీటిని చెరుపుకోవడం నా దృష్టిలో బొత్తిగా గిట్టుబాటు కాని బేరం. గ్రామసభలో అడగవలసిన మొదటి మాట అదే.

చెరువు తరువాత చూడవలసింది ఇసుక ఫిల్టరు. మన ఊళ్లలో చాలాచోట్ల ఉన్నది నెమ్మదిగా నీరు దిగే ఇసుక పడక. అది కేవలం జల్లెడలా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ఇసుక పైన కొద్ది రోజులలో కంటికి జిగురులా కనిపించే ఒక సజీవమైన పొర ఏర్పడుతుంది. అందులోని సూక్ష్మజీవులు నీటిలోని రోగకారక క్రిములను చాలావరకు తినివేస్తాయి. నీరు దిగడం మందగించినప్పుడు పై ఇసుకను ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన గీకి తీయాలి. కొత్త పొర తయారయ్యేదాకా వడిసిన నీటిని కుళాయిలకు వదలకుండా బయటికి పారబోయాలి. కొన్ని ఊళ్లలో నీరు పచ్చబడిందన్న కంగారులో చెరువులోనో, ఫిల్టరు పైనో బ్లీచింగ్ పొడి చల్లుతారు. దానితో ఆ పొర చచ్చిపోయి ఫిల్టరు వట్టి ఇసుకగుట్టగా మిగులుతుంది. ఇటువంటి ఫిల్టరు ఉన్నచోట క్లోరిన్ కలపవలసింది వడపోత తరువాతే.

ఇక మీ ఇంటి సంగతి. మీరు చేస్తున్నది మంచిదే. నాలుగు మడతల నూలుగుడ్డతో వడగట్టి, నీరు కళపెళ మరిగిన తరువాత కనీసం ఒక నిమిషం పొయ్యి మీద ఉంచితే కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించే క్రిములు చస్తాయి. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి. చల్లార్చడానికని కడగని బిందెలోకి ఒంపితే చేసిన శ్రమంతా వృథా. అయితే కాచడం వల్ల చచ్చేవి ప్రాణులే. కొన్ని రకాల నీలిపచ్చ నాచు నీటిలో విషాన్ని విడుస్తుంది, అది మరిగినా పోదు. చెరువు మీద రంగు పోసినట్లు చిక్కని తెట్టు కట్టి, దుర్వాసన వస్తున్నదంటే ఆ నీటిని కాచి కూడా తాగవద్దు. అటువంటి రోజులలో ట్యాంకరు నీటికో, పక్క ఊరి పథకం నీటికో పట్టుబట్టవలసినదే.

ప్రశ్న (పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక వార్డు సభ్యుడు): మా ఊరి ఓవర్ హెడ్ ట్యాంకు 60,000 లీటర్లది. బ్లీచింగ్ వేసిన రోజు వాసనని జనం గొడవ పెడతారు, వేయని రోజు ఎవరూ అడగరు. అసలు ఎంత వేయాలి? వేశామో లేదో తెలుసుకునే దారి ఏది?

జవాబు: జనం గొడవ పెట్టేది ట్యాంకుకు దగ్గరి వీధుల నుంచి అయి ఉంటుంది. చివరి వీధిలో వాసన రావడం లేదంటే అక్కడికి క్లోరిన్ చేరనే లేదని అర్థం. మీరు ఆలోచించవలసింది ఆ చివరి వీధి గురించే.

లెక్క కష్టమైనది కాదు. మంచి బ్లీచింగ్ పొడిలో బరువుకు దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్ల శుభ్రమైన నీటికి సుమారు 2.5 గ్రాముల పొడి కనీస మోతాదు. మీ ట్యాంకుకు ఆ లెక్కన 150 గ్రాములు. కాని కాలువ నీటిలో ఆకు అలములు కుళ్లిన పదార్థం ఉంటుంది. వేసిన క్లోరిన్‌లో కొంత దానితోనే ఖర్చయిపోతుంది కనుక రెట్టింపు దాకా అవసరం కావచ్చు. కలిపిన తరువాత కనీసం అరగంట నీరు ట్యాంకులో నిలవాలి. ఆపైన చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం, అంటే ఐఎస్ 10500, చెబుతున్నది. ఆ మిగులే దారిలో కలిసే మురికికి అడ్డం. కాచిన నీటికి గాని, ఆర్ఓ (సన్నని పొర గుండా ఒత్తిడితో వడపోసే యంత్రం) నీటికి గాని ఈ రక్షణ లేదు. కనుక ఎంత పొడి వేయాలన్నది ట్యాంకు దగ్గర కాక చివరి కుళాయి దగ్గర నిర్ణయించవలసిన విషయం. అక్కడ మిగులు కనబడేదాకా మోతాదును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, ఆ అంకెను ట్యాంకు గోడ మీద రాయించండి. వర్షాకాలంలో కొత్త నీరు వచ్చినప్పుడు మళ్లీ చూసి సవరించండి.

పొడిని సంచి నుంచి తిన్నగా ట్యాంకులో కుమ్మరించడం మన ఊళ్లలో తరచుగా కనబడే తప్పు. ముందు ప్లాస్టిక్ బకెట్టులో కొద్ది నీటితో ముద్దలా కలిపి, బకెట్టు ముప్పాతిక దాకా నీరు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోసి, అడుగున మిగిలిన సున్నాన్ని పారవేయాలి. ఆ సున్నం ట్యాంకులో పడితే నీరు కఠినమవుతుంది, ట్యాంకు అడుగున మేట వేస్తుంది. పొడి కలిపే మనిషికి చేతి తొడుగులూ, ముక్కుకు గుడ్డా ఇవ్వండి. మరొక సంగతి: తేమ, ఎండ, గాలి తగిలితే బ్లీచింగ్ పొడి సత్తువ నానాటికీ పోతుంది. పంపు షెడ్డులో మూతి విప్పిన సంచిని నెలల తరబడి ఉంచి వాడుతుంటే మీరు ఎన్ని గ్రాములు తూచినా అది సున్నం తూచినట్లే.

వేశారో లేదో తెలుసుకోవడానికి క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె చాలు. నీటిలో మందు కలిపి, వచ్చిన రంగును పెట్టెలోని రంగులతో పోల్చి చూస్తారు. పూర్వం పసుపు రంగు తెచ్చే ఆర్థోటాలిడిన్ వాడేవారు. అది ఒంటికి మంచిది కాదని ఇప్పుడు గులాబి రంగు వచ్చే డీపీడీ మాత్రలు వాడుతున్నారు. గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటును, ఏఎన్ఎమ్‌ను అడిగితే పరీక్ష ఎలా చేయాలో చూపిస్తారు. వార్డు సభ్యులుగా మీరు వారానికి ఒక్కమారు చివరి వీధి కుళాయి దగ్గర, ఆ వీధివారు చూస్తుండగా ఈ పరీక్ష చేయించండి. రంగు వచ్చిందో లేదో నలుగురి కళ్ల ముందు తేలిపోతే వాసన గొడవ కూడా సగం తగ్గుతుంది. అయినా వాసన భరించలేమనే వారిని నీటిని మూత లేని గిన్నెలో గంటసేపు ఉంచి తాగమనండి.

ప్రశ్న (భీమవరం నుంచి ఒక ఉపాధ్యాయిని): మేము 20 లీటర్ల టిన్ను నీరే తాగుతాము. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ 40 వచ్చింది, కుళాయి నీటికి 260 వచ్చింది. టిన్ను నీరే మంచిదని మా ఇంట్లో అందరి నమ్మకం. అయినా మా అబ్బాయికి టైఫాయిడ్ వచ్చింది. ఎలా సాధ్యం?

జవాబు: మీ మీటరు అబద్ధం చెప్పలేదు. అయితే మీరు దానిని అడగవలసిన ప్రశ్న వేరు. అది నీటిలో కరిగిన లవణాలను అంచనా వేస్తుంది. క్రిములను లెక్కపెట్టలేదు. టైఫాయిడ్ క్రిములున్న మురికినీటిని ఒక చెంచాడు టిన్నులో కలిపినా ఆ అంకెలో చెప్పుకోదగ్గ తేడా రాదు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిదని, వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా అనుమతించవచ్చని ప్రమాణం చెబుతున్నది. మీ కుళాయి నీటి 260 అన్న అంకెలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. లవణాలు 500 లోపు ఉన్నచోట ఆర్ఓ యంత్రాలను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడాను. ఎందుకంటే ఆ యంత్రం ప్రతి లీటరు మంచినీటికీ అంతకంటె ఎక్కువ నీటిని వ్యర్థంగా బయటికి వదులుతుంది.

ఆర్ఓ పొర చక్కగా పనిచేస్తుంటే క్రిములను కూడా ఆపగలదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. చిక్కు ఆ తరువాత వస్తుంది. ఆ నీటిలో క్లోరిన్ మిగులు ఉండదు. అటువంటి నీటిని, ముందు రోజు ఎవరి ఇంట్లోనో ఉండి వచ్చిన టిన్నులో, పైపైన తొలిపి, చేతితోనే మూత నొక్కి నింపుతారు. టిన్ను మీ ఇంటికి చేరాక రెండు మూడు రోజులు ఉంటుంది. లోపల గోడకు చేయి పెడితే జారుడుగా తగిలే జిగట అంతా క్రిముల కాపురమే. పైగా టిన్నును బోర్లించే కుండ కుళాయిని కడిగేవారు అరుదు. మీ అబ్బాయికి బడిలోనో, బజారులో తిన్న పచ్చడిలోనో, చెరకు రసంలో వేసిన ఐసులోనో అంటుకొని ఉండవచ్చు కనుక నింద అంతా టిన్ను మీద వేయలేను. కాని టిన్ను నీరు కనుక ప్రమాదం లేదన్న ధీమా మాత్రం నిలవదు.

నీళ్లు తెప్పించుకోక తప్పకపోతే ప్లాంటుకు వెళ్లి ఒక్కసారి టిన్నులు కడిగే చోటును చూడండి. నీటి గది ఎంత మెరుస్తున్నదన్నది అంత ముఖ్యం కాదు. సీలు వేసిన టిన్నుల మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 14543 అన్న అంకె ఉన్నాయేమో చూడండి. ఇంట్లో కుండనూ దాని కుళాయినీ వారానికి ఒకసారి సబ్బుతోనూ, తరువాత బ్లీచింగ్ కలిపిన నీటితోనూ కడిగి ఆరబెట్టండి.

నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉప్పు బోర్లున్న ఊళ్ల పాఠకులు దీనిని తమకు చెప్పిన మాటగా తీసుకోవద్దు. అక్కడ ఆర్ఓ అవసరం నిజమైనదే. ఉప్పును వడగట్టలేము, కాచి తీయలేము.

ప్రశ్న (మలికిపురం నుంచి ఒక రైతు): మా బోరు మొదట తీపిగా ఉండేది, మోటారు సత్తువ పెంచి లోతు దింపిన ఏడాదికే ఉప్పు తిరిగింది. పక్క దొడ్డిలో ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతు గొట్టపు బావి) మాత్రం ఇంకా తియ్యగానే ఉన్నది. కారణమేమిటి?

జవాబు: సముద్రానికి దగ్గరి ఇసుక నేలలలో వాననీరు, కాలువ ఊట కలిసి ఉప్పునీటి మీద ఒక పలుచని తీపి పొరగా తేలుతుంది. సముద్ర మట్టానికి పైన తీపి నీరు ఒక మీటరు నిలిచి ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా తీపి ఉంటుందని అంచనా. అంటే పైన ఒక్క మీటరు తగ్గితే కింద ఉప్పు నలభై మీటర్లు పైకి వచ్చే అవకాశం ఉన్నది. మీరు లోతుగా, గట్టిగా తోడడంతో బోరు కింద ఉప్పునీరు శంకువులా పైకి లేచింది. మీ పొరుగువారిది తక్కువ లోతు, తక్కువ సత్తువ. అందువల్ల వారు పై పొర మీదే బతుకుతున్నారు. మీ బోరును కొంతకాలం నిలిపి, వానాకాలం తరువాత తక్కువ లోతున, చిన్న మోటారుతో, విరామమిచ్చి తోడి చూడండి. తిరిగి తీపి వస్తుందన్న హామీ మాత్రం ఇవ్వలేను. ఇంకా లోతుకు వెళ్లమనే సలహాను మాత్రం వినకండి.

ప్రశ్న (తణుకు నుంచి ఒక పాఠకుడు): మా వీధిలో వరుసగా అయిదారుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. పక్క వీధిలో ఒక్కరికీ లేదు. నీరు చూస్తే తేటగానే ఉన్నది. ఇందులో ఒక గర్భిణి కూడా ఉన్నందున భయపడుతున్నాము.

జవాబు: మొదట ఆ తల్లి సంగతి. నీటి ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అని రెండు రకాలు. రెండోది నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. ఆమెను నాటు మందులకో, పసరు పోయించడానికో తీసుకువెళ్లకుండా, పెద్ద ఆసుపత్రిలో ప్రసూతి వైద్యులకు ఈ రోజే చూపించండి. వీధిలో ఇతర గర్భిణులుంటే వారు బాగా కాచిన నీరు తప్ప వేరేది తాగకూడదు.

పక్క వీధిలో ఒక్కరికీ లేదన్న మీ మాటలోనే చాలా సమాచారం ఉన్నది. ఊరి ట్యాంకే చెడితే రోగం వీధులను ఎంచుకోదు. కనుక మీ వీధి గొట్టంలోనే ఎక్కడో మురుగు కలుస్తున్నదని మొదట అనుమానించాలి. కుళాయికి నీరు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. నీరు ఆపిన వెంటనే ఒత్తిడి పడిపోయి, అదే చిల్లు చుట్టూ నిలిచిన మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మరునాడు నీరు వదలగానే ఆ మురుగు మొదటి బిందెలోకి వస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరిచ్చే మన పద్ధతిలో ఈ పీల్పు ప్రతి రోజూ జరుగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించేవారు దీనిని మరింత పెంచుతారు. తమ ఇంటికి రెండు బిందెలు ఎక్కువ వస్తాయని బిగించిన ఆ మోటారు, వీధి మొత్తం గొట్టంలో శూన్యం పుట్టించి, కాలువలోని మురుగును అందరి ఇళ్లకూ లాగుతుంది. మీ వీధిలో కుళాయి మోటార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

తేటగా ఉన్నదన్నది సాక్ష్యం కాదు. పైగా ఈ కామెర్లు మురికినీరు తాగిన రెండు మూడు వారాల తరువాత గాని, ఒక్కొక్కప్పుడు రెండు నెలలకు గాని బయటపడవు. మీరు ఈ రోజు చూస్తున్న తేటనీటికీ, రోగం తెచ్చిన నీటికీ నడుమ అంత కాలం గడిచింది. కనుక చేయవలసింది, రోగుల ఇళ్లను ఒక కాగితం మీద గుర్తు పెట్టి, ఆ ఇళ్లకు వెళ్లే గొట్టం ఎక్కడెక్కడ మురుగు కాలువను దాటుతున్నదో మునిసిపాలిటీ సిబ్బందితో కలిసి నడిచి చూడడం. ఇళ్లకు ఇచ్చిన సన్న గొట్టాలు తరచుగా సైడు కాలువ అడుగు నుంచే పోతాయి, అతుకులు అక్కడే వదులవుతాయి. లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను ఇలాగే గుర్తు పెట్టి, అనుమానం ఒక వీధి పంపు మీదికి తెచ్చాడు. కలరా క్రిమి సంగతి అప్పటికి ఆయనకు తెలియదు కూడా.

గొట్టం బాగయ్యేదాకా నీరు వదిలిన తొలి అయిదు పది నిమిషాల నీటిని తాగడానికి పట్టవద్దు, మొక్కలకు పోయండి. మిగిలినది కాచి తాగండి. రోగి ఇంట్లో దొడ్డికి వెళ్లివచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం కాచిన నీటికి ఏమాత్రం తీసిపోని జాగ్రత్త.

ప్రశ్న (ఏలూరు నుంచి): 2020 డిసెంబరులో మా ఊరిలో వందలాది మంది మూర్ఛలతో పడిపోయినప్పటి నుంచి నీరంటేనే భయం. కాచితే సీసం, పురుగుమందులు పోతాయా?

జవాబు: పోవు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో లోహాలు కొద్దిగా చిక్కబడతాయి కూడా. అప్పటి రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడిన మాట నిజమే. కాని అందుకని ఇంటింటా సీసం కోసం వెతకడం కంటె, మీ నీటి నమూనాను రసాయన పరీక్షకు ఒకసారి ఇచ్చి, ఆ కాగితాన్ని బట్టి నడుచుకోవడం మేలు. రోజువారీగా మన డెల్టాలో మనుషులను మంచం పట్టిస్తున్నది చాలావరకు మలంతో కలుషితమైన నీరే.

ప్రశ్న (కొత్తపేట నుంచి ఒక ఇంటి యజమాని): పది సెంట్ల స్థలంలో ఇల్లు కడుతున్నాము. బోరు ఒక మూల, సెప్టిక్ ట్యాంకు ఇంకొక మూల పెట్టమని మేస్త్రి చెప్పారు. సిమెంటు వరలు దింపితే చాలునన్నారు. ఇది సరిపోతుందా?

జవాబు: మేస్త్రిగారు చెబుతున్నది సెప్టిక్ ట్యాంకు కాదు. వరలు దింపిన గుంటకు అడుగు ఉండదు, దానిలోని నీరు నేలలోకి ఇంకిపోతుంది. మెట్ట ప్రాంతంలో, నీటిమట్టం లోతుగా ఉన్నచోట అది చక్కని ఏర్పాటే. మలం నుంచి దిగే నీరు పొడి మట్టి గుండా రెండు మీటర్లు ప్రయాణిస్తే క్రిములు చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. కోనసీమలో కాలువలు పారే కాలంలో గునపం వేస్తే నీరు తగులుతుంది. వర అడుగు ఆ నీటిలోనే మునిగి ఉంటుంది కనుక వడపోసే పొడి మట్టి అక్కడ లేనే లేదు. బావికీ గుంటకూ కనీసం 15 మీటర్లు ఎడం ఉండాలన్న సూత్రం కూడా ఆ పొడి మట్టిని నమ్ముకొని చెప్పినదే. మీ పది సెంట్లలో ఆ ఎడం దొరికినా దానినే రక్షణ అనుకోకండి. పక్కవారి గుంట మీ బోరుకు ఎంత దూరమో కూడా కొలవండి. దానిని మరచిపోయేవారే ఎక్కువ.

మీరు అడుగుకు కాంక్రీటు, గోడలకు లోపల నున్నని సిమెంటు పూత ఉన్న, రెండు గదుల నిజమైన సెప్టిక్ ట్యాంకు కట్టించండి. దాని నుంచి బయటికి వచ్చే నీరు తేటగా కనిపించినా క్రిములతో నిండినదే. దానిని బోదెలోకో, ఇంటి ముందు డ్రెయినులోకో వదలవద్దు. నేల కంటె ఎత్తుగా ఇసుక, కంకర మేట వేసి అందులోకి ఇంకేలా చేయాలి. దాని మీద అరటి గాని, మెట్టతామర గాని వేసుకోవచ్చు. మట్టిలో చేయి పెట్టి తీసే కూరగాయలు వేయవద్దు. రెండు మూడేళ్లకు ఒకసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. ఖాళీ చేసే బండివారు ఆ బురదను ఎక్కడ పోస్తున్నారో అడగడం మీ బాధ్యతే, ఎందుకంటే రాత్రివేళ కాలువ గట్టున వదిలినది మర్నాడు కింది ఊరి చెరువుకు చేరుతుంది. 2014 తరువాత స్వచ్ఛభారత్ కింద ఊరూరా మరుగుదొడ్లు వచ్చాయి. ఆరుబయట వెళ్లడం బాగా తగ్గింది, అది పెద్ద మార్పు. మరుగుదొడ్డి కింద ఏమున్నదన్న ప్రశ్నకు మాత్రం మన డెల్టాలో ఇంకా సరైన జవాబు కట్టలేదు.

ప్రశ్న (ముమ్మిడివరం వైపు ఒక లంక గ్రామం నుంచి): వరద తీశాక మా బావి, చేతిపంపు మళ్లీ ఎప్పుడు వాడుకోవచ్చు?

జవాబు: 1986 ఆగస్టు, 2022 జూలై వరదలను చూసిన లంకవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు: ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే పడవ ఎక్కే ముందే మంచినీళ్లు నింపుకోవాలి. మూత గట్టిగా ఉండే టిన్నులలో, మనిషికి రోజుకు తాగడానికీ వంటకూ కలిపి అయిదు లీటర్ల లెక్కన, ఎత్తున పెట్టుకోండి. క్లోరిన్ మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర ముందే తీసుకోండి. అర గ్రాము మాత్ర ఒకటి 20 లీటర్లకు వేసి, అరగంట ఆగి తాగవచ్చు. మాత్రల బలం రకరకాలుగా ఉంటుంది కనుక అట్ట మీద రాసినది చదివి వేయండి. వరద నీరు బురదగా ఉన్నంతవరకు మాత్ర సరిగా పనిచేయదు. ముందు పటిక ముక్కను నీటిలో నాలుగు చుట్లు తిప్పి, తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, ఆ తరువాతే మాత్ర వేయాలి. మన పెద్దలు చిల్లగింజను కుండ లోపల అరగదీసి తేర్చేవారు. అదీ తేరుస్తుంది, క్రిములను మాత్రం చంపలేదు. రాగి బిందె గురించి మరి ఇద్దరు అడిగారు. రాత్రంతా నిలవ ఉంచితే కొంత మేలు ఉన్నది, వరద నీటికి దానిని నమ్ముకోవద్దు.

మునిగిన బావికి రోజువారీ మోతాదు చాలదు. బురదను తోడి పారబోసి, బావి వరలకు ఉన్న పగుళ్లు మూసి, మామూలు కంటె ఎన్నో రెట్లు బ్లీచింగ్ ద్రావణం పోసి, రాత్రంతా ఉంచి, వాసన తగ్గేదాకా తోడిపోయాలి. ఈ మోతాదు లెక్క బావి నీటి ఘనపరిమాణాన్ని బట్టి గ్రామీణ నీటిసరఫరా సిబ్బంది వేస్తారు. చేతిపంపుకు కూడా ఇదే పద్ధతి. దాని చుట్టూ ఉన్న చప్టా పగిలి ఉంటే ముందు అది బాగు చేయించాలి. పరీక్షలో క్రిములు లేవని తేలేదాకా కాచే తాగండి. బురద ఎత్తేవారు కాళ్లకు చెప్పులు, పుండ్లకు కట్టు లేకుండా దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే జ్వరం ఎక్కువగా పుండు గుండా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. వరద తరువాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబారడం కనబడితే వరదలో తిరిగిన మాట వైద్యుడికి తప్పక చెప్పండి.

ప్రశ్న (రామచంద్రపురం నుంచి ఒక తల్లి): విరేచనాలప్పుడు నీళ్లు తాగిస్తే ఇంకా పెరుగుతాయని మా అత్తగారు అంటారు. పాపకు పదమూడు నెలలు. ఏం చేయాలి?

జవాబు: తాగించాలమ్మా. విరేచనాలతో పిల్లలు చనిపోయేది ఒంట్లోని నీరూ ఉప్పూ బయటికి పోవడం వల్లనే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో కలపండి. సగం పొడి, సగం నీరు అని విడదీయవద్దు. విరేచనమైన ప్రతిసారీ మీ పాప వయసుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటికి తల గీసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. ఈ కొలతలకు టీ చెంచానే వాడండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చనుబాలు, గంజి, మెత్తని అన్నం మానవద్దు. రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్ర 10 నుంచి 14 రోజుల దాకా, విరేచనాలు తగ్గినా, వేయాలి. అది అంగన్‌వాడీలోనో, ఏఎన్ఎమ్ దగ్గరో ఊరికే దొరుకుతుంది. పాప కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా ఇంట్లో ఉంచుకోక 108కి ఫోను చేయండి.

ప్రశ్న (పలువురు): నీటి పరీక్ష ఎక్కడ, ఎలా చేయించుకోవాలి?

జవాబు: గ్రామీణ నీటిసరఫరా విభాగానికి డివిజను, జిల్లా కేంద్రాలలో ప్రయోగశాలలు ఉన్నాయి. సచివాలయం ద్వారా నమూనా పంపవచ్చు. రసాయన పరీక్షకు శుభ్రమైన రెండు లీటర్ల సీసా చాలు. క్రిముల పరీక్షకు మాత్రం ప్రయోగశాల ఇచ్చిన సీసానే వాడాలి. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది కనుక దానిని తొలపవద్దు, అంచు దాకా నింపవద్దు. కుళాయి మూతిని తుడిచి, రెండు నిమిషాలు నీరు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు చేర్చండి. ఫలితంలో 100 మిల్లీలీటర్లకు ఇ.కోలి అన్న వరుసను మొదట చూడండి. అక్కడ లేదు అని ఉండాలి, ఒక్కటి ఉన్నా ఆ నీరు తాగరాదు. సీసా మీద ఏ వీధి, ఏ కుళాయి, ఎన్ని గంటలకు పట్టారన్నది రాయించండి. అవి లేని ఫలితంతో ఏ గొట్టం తవ్వాలో ఎవరూ చెప్పలేరు.